అమ్మీకి పంపిన వీడియో

ముతసిమ్ మూడేళ్లపాటు జైతూన్ బీ మేడమీద గదిలో అద్దెకున్నాడు. సూడాన్ నుంచి వచ్చి విజయవాడ శివార్లలోని ఒక కాలేజీలో ఫార్మసీ చదివేవాడు. సింగ్‌నగర్ సందులో పిల్లలు మొదట అతని పొడుగు చూసి వెంటపడ్డారు, తర్వాత క్రికెట్‌లోకి లాగారు. క్రికెట్ అతనికి చివరిదాకా వంటబట్టలేదు గాని తెలుగు కొంత, జైతూన్ బీ మాట్లాడే ఉర్దూ కొంత వంటబట్టాయి. భర్త పోయాక ఆవిడ మంగళగిరి చీరల షాపులవాళ్లకి ఫాల్ కుట్టి, మేడమీది అద్దె కలుపుకుని కూతురు ఇష్రత్‌ని చదివించింది. రంజాన్ నెలంతా ముతసిమ్ కింద వాళ్లతోనే ఇఫ్తార్ చేసేవాడు. ఇష్రత్ ఎలా పిలుస్తుందో అలాగే అతనూ ఆవిడని అమ్మీ అనేవాడు.

చదువయ్యాక వెళ్లిపోయాడు. ఖార్తూమ్‌కి నది అవతల బహ్రీ అనే ఊళ్లో మందుల షాపు పెట్టాడు. షాపు కాస్త నిలదొక్కుకునేలోపే అక్కడ యుద్ధం మొదలైంది. ఆ దేశపు సైన్యాలే రెండు వర్గాలై వీధుల్లో కొట్టుకున్నాయి. షాపు లూటీ అయింది. వెళ్లగలిగినవాళ్లు ఊరొదిలి పోయారు. ముతసిమ్ తల్లి మంచం దిగలేని మనిషి, అందుకని అతనూ చెల్లెలు తహానీ ఉండిపోయారు. ఉండిపోయినవాళ్లంతా కలిసి ఒక ఇంటి పెరట్లో పొయ్యి పెట్టి, దొరికిన పప్పూ గింజలూ పెద్ద గుండిగల్లో ఉడికించి వీధికంతా పంచడం మొదలుపెట్టారు. అలాంటి వంటశాలలు ఆ ఊళ్లో చాలా లేచాయి. ఫోన్ టవర్లు పనిచేసేవి కావు. ఎవరో శాటిలైట్ డిష్ పెట్టుకుని గంటల లెక్కన ఇంటర్నెట్ అమ్ముతుంటే, అక్కడికి నడిచి వెళ్లి ముతసిమ్ వారానికోసారి జైతూన్ బీకి వాయిస్ మెసేజ్ పెట్టేవాడు.

ఇష్రత్‌కి ఇదంతా తెలుసు. తెలిసినా, అది అమ్మీకీ అతనికీ మధ్య సంగతి అన్నట్టు ఉండేది. ఆమె గవర్నర్‌పేటలో లక్ష్మీకాంత్ అనే ఆయన స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేది. ముహూర్తాల సీజన్‌లో తలెత్తే తీరిక ఉండేది కాదు.

బుడమేరు వాగు పొంగిన సెప్టెంబరులో పరిస్థితి మారింది. చూస్తుండగానే నీళ్లు గుమ్మం దాటి, మంచం ముంచి, కుట్టుమిషన్ ముంచాయి. తల్లీకూతుళ్లు ఒకప్పుడు ముతసిమ్ ఉన్న మేడమీది గదిలోకి ఎక్కారు. పడవలు మెయిన్ రోడ్డు మీద తిరిగాయి గాని లోపలి సందుల్లోకి రాలేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. రెండు రాత్రులు గడిచాక ఎవరో మెడలోతు నీళ్లలో వచ్చి పులిహోర పొట్లాలు పైకి విసిరారు. ఒకటి ఇష్రత్ గాల్లోనే పట్టుకుంది. పక్క మేడమీది వాళ్ల చేతికి ఏదీ అందలేదు. వాళ్లు ఇటే చూస్తున్నారు. సగం అటు విసరాలన్న ఆలోచన ఆమెకి రావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపే, తర్వాత చాలా రోజులు ఆమెని వదల్లేదు.

నీళ్లు తీశాక, జైతూన్ బీ ఫోన్ మళ్లీ వెలిగిన రోజు, అందులో ముతసిమ్ మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. విజయవాడ మునిగిందని ఎక్కడో వార్తల్లో చూశాడట.

"అమ్మీ, మేడ మీదికి పోయారా? నేను ఇక్కడి నుంచి ఏమీ పంపలేను. సిగ్గుగా ఉంది అమ్మీ" అన్నాడు వచ్చీరాని తెలుగులో. వెనకాల ఏదో పేలింది. అతను ఆగకుండా, అన్నం దొరుకుతోందా అని అడుగుతూనే ఉన్నాడు.

జైతూన్ బీ గోడల బురద కడుగుతూ ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. ఇష్రత్ విన్నప్పుడల్లా ఆ పేలుడు దగ్గర ఉలిక్కిపడేది. ఆ రోజు నుంచి ఆమెకి కుదురు పోయింది.

ఆ వంటశాలల కోసం లండన్‌లో ఉంటున్న సూడాన్ వాళ్లు ఇంటర్నెట్‌లో ఒక పేజీ నడిపేవారు. చందాలు నేరుగా అక్కడికే వెళ్లేవి, వాళ్లు ఏవో దారుల్లో బహ్రీకి చేర్చేవారు. తన చేతికి ఒక్క రూపాయీ రాకూడదని ఇష్రత్ ముందే అనుకుంది. తను చేయగలిగింది వీడియో. ముతసిమ్‌ని అడిగి క్లిప్పులు తెప్పించుకుంది. పొయ్యి, గుండిగ, గరిటె తిప్పుతున్న చేతులు, వరసలో పెట్టిన ఖాళీ గిన్నెలు. వాటిని కలిపి, తెలుగులో నాలుగు మాటలు రాసి, కింద లండన్ పేజీ లింకు ఇచ్చింది.

ఎవరూ చూడలేదు. చూసిన కొద్దిమందిలో ఒకాయన, సింగ్‌నగర్‌లో మనవాళ్ల ఇళ్లలోనే ఇంకా ఫ్రిజ్ లేదు, మంచం లేదు, సూడాన్ గోల ఎందుకని రాశాడు. ఇష్రత్ ఇంట్లోనూ ఫ్రిజ్ లేదు, మంచం లేదు. జవాబు రాయడం మొదలుపెట్టి చెరిపేసింది. మళ్లీ రాసి మళ్లీ చెరిపింది. పెళ్లి వీడియోలో తాళి కట్టే ఘట్టానికి పాట అతికిస్తూ కూడా పక్కన ఫోన్ తిప్పి చూసుకునేది.

లక్ష్మీకాంత్ అది గమనించాడు. అతను మంచివాడే. వరదలో స్టూడియో జనరేటర్ పడవ మీద వేయించి సింగ్‌నగర్ పంపి, ఫోన్లకి ఛార్జింగ్ పెట్టించినవాడు. ఇష్రత్ పెట్టిన వీడియోలు కూర్చుని చూశాడు.

"మొహం లేనిది ఎవరూ ఆగి చూడరమ్మా. పెళ్లి వీడియోలో మనం ఫస్ట్ షాట్ ఏం పెడతాం? పెళ్లికూతురి కళ్లు. గుండిగ పెడితే ఎవరాగుతారు?" అన్నాడు.

నవంబరులో ఒక శుక్రవారం ముతసిమ్ నుంచి ఇంకో వీడియో వచ్చింది, జైతూన్ బీ ఫోన్‌కి. పెరట్లో తహానీ గరిటెతో గుండిగ అంచు మీద టంగుటంగున కొడుతోంది. పిల్లలు గిన్నెలు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. ఆమె ఇటు తిరిగి, తలమీది గుడ్డ సర్దుకుని, నవ్వు ఆపుకుంటూ "అమ్మీ, బాగున్నారా? భోజనం చేశారా?" అంది. అన్న నేర్పి ఉంటాడు. ఒత్తులు తేడాగా పడ్డాయి గాని తెలుగే. వెనక నీలం రంగు ఇనప గేటు, దాని పక్క గోడ మీద అరబ్బీలో రాసిన షాపు పేరు. వీడియో కింద ముతసిమ్ రాశాడు, ఇది అమ్మీకి, తహానీ ఎవర్నీ ఫోటో తీయనివ్వదు, మీకోసం ఒప్పుకుంది అని.

జైతూన్ బీ రోజంతా అది చూసి నవ్వుకుంది. ఇష్రత్ తన ఫోన్‌కి పంపించుకుంది.

వాడుకోవచ్చా అని ముతసిమ్‌కి మెసేజ్ పెట్టింది. అది అతనికి చేరలేదు. మళ్లీ నెట్ దగ్గరికి ఎప్పుడొస్తాడో తెలియదు. ఈలోగా లండన్ పేజీవాళ్లు, పప్పు నిండుకుందని, చాలా వంటశాలలు మూతపడుతున్నాయని రాశారు. ఇష్రత్ ఒక రోజు ఆగింది. స్టూడియోలో కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, బయటికెళ్లి టీ తాగకుండా తిరిగొచ్చి, మళ్లీ ఫోన్ చూసింది. మరునాడు మధ్యాహ్నం భోజనాల వేళ వీడియో పెట్టేసింది. బాగున్నారా అన్న చోట ఒక్క క్షణం ఆపి, ఆ మొహం నిలిచేలా కత్తిరించింది. పని బాగా వచ్చిన మనిషి చేసిన కత్తిరింపు అది.

సాయంత్రానికే అది ఆమె చేయి దాటిపోయింది. యుద్ధంలో ఉన్న పిల్ల మనల్ని భోజనం చేశారా అని అడుగుతోంది అంటూ శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, కువైట్ నుంచి డల్లాస్ దాకా తెలుగువాళ్లు పంచుకున్నారు. కొందరు దానికి ఏడుపు సంగీతం తగిలించారు. లండన్ నుంచి ఒకావిడ రాసింది, ఆంధ్రాలో ఏం జరిగింది, ఇంతమంది ఒక్కసారిగా ఎలా వచ్చారు అని. పప్పూ పిండీ కొని పంపించామని రెండు రోజుల్లో మళ్లీ రాసింది. ఇష్రత్ ఆ మాట చదివి స్టూడియో మెట్లమీద కూర్చుని ఏడ్చింది. లక్ష్మీకాంత్ అందరికీ స్వీట్లు తెప్పించాడు.

అమ్మీకి మాత్రం చెప్పలేదు. సాయంత్రం చెబుదామనుకుంది, తర్వాత ముతసిమ్ చూశాక చెబుదామనుకుంది. జైతూన్ బీ ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు తప్ప ఇంకేం చూడదు కాబట్టి ఆవిడకి తెలియలేదు.

ముతసిమ్ నుంచి వచ్చింది వాయిస్ మెసేజ్ కాదు. ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశాడు. వీడియో తీసెయ్, ఇప్పుడే. ఆ గేటు ఇక్కడ అందరికీ తెలుసు.

ఆమె వెంటనే తీసేసింది. తీసేశానని రాసింది, క్షమించమని రాసింది. అవి అతనికి చేరినట్టే కనబడలేదు. తన పేజీలో తీసేసినంత మాత్రాన ఏమీ తగ్గలేదు. వెతికిన చోటల్లా తహానీ నవ్వు ఆపుకుంటూ బాగున్నారా అంటూనే ఉంది.

తర్వాతి వారం కైరోలో ఉంటున్న ముతసిమ్ మేనమామ జైతూన్ బీకి ఫోన్ చేశాడు. ఆయనకి కాస్త హిందీ వచ్చు. తుపాకులతో మనుషులు వంటశాలకి వచ్చారనీ, గుండిగలు తన్నేశారనీ, ముతసిమ్‌నీ ఇంకో ఇద్దర్నీ బండెక్కించుకుని పోయారనీ చెప్పాడు. తహానీ గోడ దూకి తప్పించుకుందట, తల్లిని ఎవరో దాచారట. మాటల చివర ఏదో వీడియో అన్నాడు. ఆ మాట ఆవిడకి అర్థం కాలేదు.

ఇష్రత్ ఇంటికొచ్చేసరికి ఆవిడ కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ మిషన్ ముందు ఊరికే కూర్చుని ఉంది. ఏం వీడియో అని అడిగింది. ఇష్రత్ నిలబడే చూపించింది. జైతూన్ బీ అది ఆఖరిదాకా చూసింది.

"ఇది నాకు పంపాడు కదా" అంది.

ఆవిడ లేచి, ముతసిమ్ నంబరుకి ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది, ఎక్కడున్నా తిన్నావా బాబూ అని. ఆ పై రోజూ పొద్దున్నే నమాజు అయ్యాక అలాంటిదొకటి పెట్టేది. ఒక్కటీ చేరేది కాదు.

ఇష్రత్ వీడియో ఉన్న ప్రతి చోటునీ వెతకడం మొదలుపెట్టింది. పెట్టినవాళ్లకి రాసింది, తీసెయ్యండి, ఆ అమ్మాయికి ప్రమాదం అని. కొందరు వెంటనే తీసేశారు. కొందరు సందేహంగా అడిగారు. కొందరు ఎదురు చెప్పారు, ఇది తీసేస్తే చందాలు ఆగిపోవా, మీకు వాళ్ల మీద జాలి లేదా అని. బస్సులో, లిఫ్టులో, అన్నం ముందు అదే పని. తిన్నది ఏమిటో తెలిసేది కాదు. స్టూడియోలో పెళ్లికూతుళ్ల మొహాలు కత్తిరించబోయి ఆగిపోయేది, ఎవరో నవ్వినట్టు, ఎవరో గేటు తోసినట్టు ఉండేది. లక్ష్మీకాంత్ ఆమె పని తను చేసి పెట్టాడు. నేనే కదమ్మా మొహం పెట్టమన్నాను అని ఒకసారి అనబోతే, ఆమె వినకుండా లేచి వెళ్లిపోయింది. ఆ తప్పులో వాటా పంచుకునేవాళ్లు ఆమెకి అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువమంది చూసిన కాపీ ఒకటి ఎంత రాసినా కదల్లేదు. పామర్రు దగ్గర రామకోటేశ్వరరావు అనే రైతు నడిపే పేజీ అది. ఆయన రోజూ కాలువ నీళ్లు, ధాన్యం ధర, చేలో తెగులు గురించి మాట్లాడేవాడు, డెల్టా అంతా వినేవారు. తహానీ వీడియో మీద తన గొంతుతో వివరంగా మాట్లాడి పెట్టాడు. మెసేజ్‌లకి జవాబు లేదు. పేజీలో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే, కోతల్లో ఉన్నాను, మబ్బు కమ్ముకొస్తోంది, మాట్లాడాలంటే ఇక్కడికే రండి అని పెట్టేశాడు.

మర్నాడు ఇష్రత్ మచిలీపట్నం బస్సెక్కింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేక కంకిపాడు దాకా నిలబడింది. తుఫాను ఇటు వస్తుందో పోతుందో తెలియని రోజులవి. ఉయ్యూరు దాటాక రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ధాన్యం రాసులు, వాటిమీద బరకాలు కప్పుతున్న మనుషులు. ఆకాశం నల్లగా వంగి ఉంది.

రామకోటేశ్వరరావు రోడ్డు వారనే దొరికాడు. అరవై దాటిన మనిషి, లుంగీ ఎగ్గట్టి, రాసి మీద బరకం లాగుతూ గాలితో కుస్తీ పడుతున్నాడు. ఆమెని చూసి, ఫోన్ చేసింది మీరేనా అమ్మా అంటూనే, ఆ కొస కాస్త పట్టుకోండి అన్నాడు. ఆమె పట్టుకుంది. బరకం మీద ఇద్దరూ ఇటుకలు పెడుతుండగా ఆయనే మాట్లాడాడు. పదేళ్లుగా పేజీ నడుపుతున్నా ధాన్యం గోల తప్ప చెప్పింది లేదనీ, ఆ పిల్ల భోజనం చేశారా అనడం విని ఇంట్లో భార్య ఏడ్చిందనీ, ఊళ్లో కుర్రాళ్లు పోగై చందా పంపారనీ చెప్పాడు. తను చేసినవాటిలో మంచిపని అదొక్కటేనని ఆయన నమ్మకం. అలాంటిది ఎందుకు తీసెయ్యాలి అని అడిగాడు.

ఇష్రత్ చెప్పింది. గేటు సంగతి, బండెక్కించుకుపోయిన సంగతి, కైరో ఫోను. చెబుతుంటే గొంతు పెద్దదైపోతోందని ఆమెకే తెలుస్తోంది.

ఆయన చేతిలో ఇటుక అలాగే ఉండిపోయింది. అప్పుడు అడిగాడు.

"మీరు పెట్టేముందు ఆ అమ్మాయిని అడిగారా?"

"లేదండీ. ఆ అమ్మాయి అన్నయ్యకి మెసేజ్ పెట్టాను. అందలేదు. ఒక్క రోజే ఆగాను."

ఆ మాట అప్పటిదాకా ఆమె ఎవరితోనూ అనలేదు. ఆయన ఏమంటాడో అని చూసింది. అసహ్యించుకుంటాడనే అనుకుంది.

"నేనైతే మిమ్మల్ని కూడా అడగలేదు గదమ్మా" అన్నాడాయన. ఇటుక దించి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోన్ తీసి వీడియో తీసేశాడు. తీసేశాక కూడా ఫోన్ వంకే చూస్తున్నాడు. "పేజీలోది పోయింది. మరి జనం ఫోన్లలో దించుకున్నవి?"

పెద్ద చినుకులు పడ్డాయి. పక్కనే ఉన్న రైస్ మిల్లు వసారాలోకి పరిగెత్తారు. అక్కడ కూర్చుని ఆయన ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు, వీడియో తనే పంపిన సంఘాల పెద్దలకి, టీచర్లకి, బంధువులకి. ప్రతివాళ్లకీ మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది. కొందరు వాదించారు, కొందరు తిట్టారు. నాకు తెలియక చేశానయ్యా, ఇప్పుడు తెలిసింది, తీసెయ్ అని ప్రతివాళ్లతోనూ అన్నాడు. ఇష్రత్ పక్కన నిలబడి తన లిస్టులోవాళ్లకి చేసింది. వాన రేకులమీద మోగుతుంటే ఇద్దరూ అరిచి మాట్లాడారు. ఆరుబయట తన ధాన్యం ఎంత తడిసిందో ఆయన ఆ మధ్యాహ్నం వెళ్లి చూసుకోలేదు.

దాదాపు అన్ని చోట్లా వీడియో పోయింది. డిసెంబరంతా, జనవరిలో చాలా భాగం ఏ కబురూ లేదు. మేనమామ ఫోన్ ఎత్తడం మానేశాడు. బహ్రీ ఒక సైన్యం చేతిలోంచి ఇంకో సైన్యం చేతిలోకి పోతోందని వార్తలొచ్చేవి. ఆ వార్తల్లో కూలిన ఇళ్లు కనిపిస్తే ఆమె నీలం గేటు కోసం వెతికేది. కనిపించకపోతే ఊరట కలిగేది, మరు నిమిషంలో ఆ ఊరట మీద కోపం వచ్చేది. జైతూన్ బీ కూతురితో కూరల సంగతి, కరెంటు బిల్లు సంగతి మాట్లాడేది. ఆ మాట మాత్రం ఎత్తేది కాదు. ఒక పొద్దున మెసేజ్ పెడుతూ ఫోన్ ఇష్రత్ వైపు జాపి, నువ్వూ ఏదైనా చెప్పు అంది. ఇష్రత్ ఫోన్ అందుకుని తిరిగి ఇచ్చేసింది. మెసేజ్ అలాగే వెళ్లింది, చివర ఫ్యాన్ చప్పుడుతో.

జనవరి చివర్లో తెలియని నంబరు నుంచి ఇష్రత్‌కే మెసేజ్ వచ్చింది. రాసింది తహానీ. ఇంగ్లీషు ముతసిమ్‌దాని కంటే బాగుంది. అన్నని వదిలేశారు, పక్కటెముకలు విరిగాయి, నది దాటి ఇంకో చోటికి చేరాం, అమ్మ మాతోనే ఉంది అని రాసింది. అన్నతోపాటు పట్టుకెళ్లిన ఇద్దరిలో ఒకతను తిరిగి రాలేదు. అతని పేరు రాయలేదు.

ఇష్రత్ మొదట తల్లికి చూపించింది. జైతూన్ బీ ఉన్నచోటే నేలకి నుదురానించి సజ్దా చేసింది. తర్వాత ఇష్రత్ మేడమీదికి వెళ్లి, అడగకుండా ఉండలేక అడిగింది, నా వీడియో వల్లేనా అని. జవాబు వెంటనే రాలేదు. ఆమె పిట్టగోడ వెంట ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూనే ఉంది. చివరికి తహానీ గొంతు వచ్చింది, మెల్లగా, ఎవరో వింటారన్నట్టు.

"అంతకుముందే వాళ్లు రెండుసార్లు వచ్చారు. పిండి ఎవరు పంపుతున్నారని అడిగారు. మూడోసారి వచ్చినప్పుడు వాళ్ల ఫోన్‌లో నా మొహం ఉంది. నీ వల్ల అని నేను చెప్పను. నీ వల్ల కాదు అని కూడా చెప్పలేను. ఆ వారం పప్పు వచ్చింది, అదీ నిజం. మేము తిన్నాం."

ఇష్రత్ అది రెండోసారి వినలేకపోయింది. చెరపనూ లేదు.

ముతసిమ్ కోలుకున్నాక జైతూన్ బీతో మాట్లాడాడు. దమ్ము అందక మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. ఇష్రత్ గుమ్మం దగ్గర నిలబడింది. అతను ఆమెని అడగలేదు. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసినా అడగలేదు. నాలుగోసారి ఫోన్‌కి బదులు ఆమెకి మెసేజ్ వచ్చింది. వేరే చోట ఇద్దరు ఆడవాళ్లు మళ్లీ పొయ్యి వెలిగించారు, లండన్ పేజీ అదే, ఫోటో గాని పేరు గాని వీధి గాని బయటికి రాకూడదు, మిగతాది నువ్వు చూసుకో. అంతే. అందులో కోపం ఉందా, క్షమించడం ఉందా అని ఆమె ఎన్నోసార్లు చదివింది. పని తప్ప ఏమీ కనిపించలేదు. ఆ పని తనకే చెప్పాడన్నదే ఆమెకి దక్కింది.

బొమ్మ లేకుండా నాలుగు వాక్యాలు రాసింది. పెట్టేముందు ముతసిమ్‌కి పంపింది. అతను ఒక మాట తీసెయ్యమన్నాడు, అది చదివితే నదికి ఏ ఒడ్డో తెలిసిపోతుందట. తీసేసి పెట్టింది. వేళ్లమీద లెక్కపెట్టేంత మంది చూశారు. ఆ బాగున్నారా అన్న అమ్మాయి ఏమైంది, ఇంకో వీడియో పెట్టండి అని అడిగినవాళ్లే వాళ్లలో ఎక్కువ.

రామకోటేశ్వరరావు అది చదివి ఫోన్ చేశాడు. ఫోన్లలో పెడితే బొమ్మ కావాలంటారు, మనుషుల ముందుకొచ్చి మీ నోటితో చెప్పండి, మినుము కోతలయ్యాక ఆదివారం మిల్లు దగ్గర అందర్నీ కూర్చోబెడతాను అన్నాడు. ఇష్రత్‌కి నలుగురి ముందు మాట్లాడిన అలవాటు లేదు. రానండీ అనబోయింది. జైతూన్ బీ మిషన్ ఆపి, నేనూ వస్తాను అంది.

ఆ ఆదివారం మిల్లు వసారాలో రైతులు, కూలికి వచ్చే ఆడవాళ్లు, చర్చి నుంచి తిన్నగా వచ్చినవాళ్లు కొందరు కూర్చున్నారు. ఇష్రత్ మొదలుపెట్టకముందే ముందు వరసలో ఒకాయన, ఆ అమ్మాయి వీడియో వేస్తారా అని అడిగాడు.

"ఉందండీ. చూపించకూడదు" అంది ఇష్రత్.

ఎందుకో చెప్పింది. తను చేసిందీ చెప్పింది, ఒక్క రోజే ఆగానని కూడా. వెనక వరసల్లో కొందరు లేచి బయల్దేరారు. ఒకరిద్దరు ఆమె వంక చూసిన చూపు బాగాలేదు. ఆమె చేయి అలవాటుగా సంచిలోని ఫోన్ మీదికి పోతూనే ఉంది, ఆ నవ్వు ఒక్కసారి చూపిస్తే వీళ్లు ఆగిపోతారని ఆమెకి బాగా తెలుసు. చేయి వెనక్కి తీసుకుంది.

అప్పుడు నాట్లకి వెళ్లే అమలమ్మ అనే ముసలావిడ అడిగింది.

"వాళ్లు ఏం తింటారమ్మా? మనలాగా వరన్నమేనా?"

కాదు అని జైతూన్ బీ లేచి నిలబడింది. ముతసిమ్ తమ ఇంట్లో పప్పు ఎలా వండించుకునేవాడో, అన్నం వద్దని రొట్టె ఎలా ముంచుకు తినేవాడో, ఆవకాయ మొదటిసారి నోట్లో పెట్టుకుని ఎలా గెంతాడో చెప్పింది. పేరు మాత్రం చెప్పలేదు, మా అబ్బాయి అంది. వసారాలో నవ్వులు వినిపించాయి. లేచినవాళ్లలో ఒకతను వసారా అంచున ఆగాడు. ఎర్ర పప్పును అంతమందికి ఎలా సాగదీస్తారో తల్లి చెబుతుంటే, మధ్యలో ఇష్రత్ అందుకుంది. నీళ్లు ఎక్కడి నుంచి మోస్తారో, కట్టెలు లేనప్పుడు ఏం కాలుస్తారో, గిన్నె లేని పిల్లలు డబ్బా మూతలు ఎలా పట్టుకొస్తారో చెప్పింది. తిరిగి రాని మనిషి గురించి కూడా చెప్పింది.

ఆ రోజు పామర్రు నుంచి లండన్ పేజీకి వెళ్లింది, ఆ వీడియో ఒక్క పూటలో తెచ్చినదాంట్లో ఏ మూలకీ రాదు. కానీ మరుసటి నెల రామకోటేశ్వరరావు, అడగకముందే, మళ్లీ పంపామని ఫోన్ చేశాడు. కంకిపాడులో ఉండే తన బావమరిది వాళ్ల ఊరికి కూడా వచ్చి చెప్పమంటున్నాడని అన్నాడు.

వెళ్లేముందు రోజు ఇష్రత్ ముతసిమ్‌కి రాసింది, కంకిపాడులో ఏమేం చెప్పొచ్చు, ఏమేం చెప్పకూడదు అని. జవాబు వచ్చేదాకా ఆమె ఇంట్లో ఒకచోట కూర్చోలేదు. తడిబట్టలు ఆరేసింది, ఆరేసినవి మళ్లీ సర్దింది, మెట్లు ఎక్కి దిగింది. సాయంత్రానికి వచ్చింది. వద్దన్నవి చాలా ఉన్నాయి. కింద అతను తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో, ఇంకొకటి రాశాడు, అమ్మీని బస్సులో నిలబెట్టకు, సీటు ఇప్పించు అని.

ఇష్రత్ వద్దన్నవన్నీ ఇంకోసారి చదువుకుని, పొద్దున్నే బయల్దేరాలని తల్లికి చెప్పింది.